కండువా కప్పుకున్న మర్నాడు: కొత్త సభ్యుడికి పార్టీలో పనేమిటి?

రాజకీయ పార్టీలో చేరడం ఇప్పుడు ఫోను రీచార్జి చేయించుకున్నంత తేలిక. 2014 చివర్లో భారతీయ జనతా పార్టీ మిస్డ్ కాల్‌తోనే సభ్యత్వం ఇవ్వడం మొదలుపెట్టింది. 2021-22లో కాంగ్రెస్ డిజిటల్ నమోదుకు మళ్లింది. అప్పటి తెలంగాణ రాష్ట్ర సమితి తన సభ్యత్వానికి 2 లక్షల రూపాయల ప్రమాద బీమాను జోడించింది. తెలంగాణ కాంగ్రెస్ కూడా తన సభ్యులకు ప్రమాద బీమా ప్రకటించింది. ఈ పోటీ వల్ల నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో సభ్యత్వ నమోదు అంటే ఆధార్ కార్డు, ఫోను నంబరు తీసుకుని ఫొటో దిగే కార్యక్రమంగా మారిపోయింది. ఒకే ఇంట్లో రెండు పార్టీల కార్డులు కనిపించినా ఇప్పుడు ఎవరూ వింతగా చూడరు.

చేర్చుకోవడం ఇంత సులువైనా, చేరినవారిని పార్టీ పనిలో కలుపుకోవడం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. కార్డు వచ్చిన తరువాత కొత్త సభ్యుడికి అందే పిలుపులు సాధారణంగా రెండే: పెద్ద నాయకుడు వస్తున్నాడు, డీసీఎం వ్యానులో మనుషుల్ని ఎక్కించి పంపాలి, లేదా ఎవరిదో పుట్టినరోజు, ఫ్లెక్సీకి చందా ఇవ్వాలి. ఉత్సాహంగా వచ్చిన యువకుడు ఒకటి రెండు సభల్లో జెండా పట్టుకుని, తన మాట అడిగేవారు లేరని గ్రహించి, మెల్లగా ఇంటికి పరిమితమవుతాడు. దీనికి అతని బద్ధకమో నేటి తరం నిరాసక్తతో కారణమని పార్టీల పెద్దలు చెబుతుంటారు గానీ, పార్టీ నిర్మాణాన్ని కాస్త విప్పి చూస్తే అసలు చిక్కు వేరే చోట కనిపిస్తుంది. కొత్త సభ్యుడికి ఫలానా పని అప్పగించాలన్న బాధ్యత ఆ నిర్మాణంలో ఎవరి మీదా లేదు.

పార్టీల నియమావళుల్లో సభ్యత్వానికి మెట్లు ఉంటాయి. బీజేపీలో ప్రాథమిక సభ్యుడు వేరు, క్రియాశీల సభ్యుడు వేరు. మండల కమిటీలోకి, ఆపై కమిటీల్లోకి రావాలంటే క్రియాశీల సభ్యత్వం కావాలి. 2024 నమోదులో ఆ హోదా కోసం కనీసం 50 మందిని కొత్తగా చేర్పించాలన్న షరతు పెట్టారు. కాంగ్రెస్ నియమావళిలో చాలాకాలం పాటు సభ్యుడు ఖద్దరు ధరించాలనీ, మద్యానికి దూరంగా ఉండాలనీ నిబంధనలు ఉండేవి. వాటిని ఎంతమంది పాటించారన్నది ఊళ్లో ఎవరిని అడిగినా నవ్వుతూ చెబుతారు. గమనించవలసిందేమిటంటే, ఈ షరతులు సభ్యుడి నుంచి ఏదో ఒకటి కోరుతున్నవే తప్ప, పార్టీ సభ్యుడికి ఏమివ్వాలో చెప్పవు. 50 మందిని చేర్పించగలగడం ఒక నేర్పే, కాదనలేం. కానీ ఆ నేర్పు సాధారణంగా బంధుబలగం, కులబలం, ఆర్థిక స్తోమత ఉన్నవారికే ముందుగా అబ్బుతుంది.

సీపీఎం పద్ధతి దీనికి తలకిందులు. అక్కడ నేరుగా సభ్యత్వం దొరకదు. ఇద్దరు సభ్యుల సిఫార్సు ఉండాలి, ఏడాది పాటు అభ్యర్థి సభ్యుడిగా, అంటే పూర్తి సభ్యత్వానికి ముందు పరిశీలనలో, పనిచేయాలి, ఆదాయాన్ని బట్టి పార్టీకి లెవీ అనే చందా కట్టాలి, ఒక శాఖకు అనుబంధంగా ఉండాలి. ప్రవేశం కష్టం గానీ, లోపలికి వచ్చినవాడు ఏ శాఖలో కూర్చోవాలో, ఎవరికి లెక్క చెప్పాలో మొదటి రోజు నుంచీ తెలుస్తుంది. పెద్ద పార్టీల్లో ద్వారం బార్లా తెరిచి ఉంటుంది, లోపల గది ఉండదు. కమ్యూనిస్టుల దగ్గర గది ఉంటుంది, ద్వారం ఇరుకు. రెంటిలో ఏది మేలన్న చర్చ కంటే, తెరిచిన ద్వారమూ కేటాయించిన చోటూ రెండూ ఒకేచోట ఉన్న సందర్భం ఈ నేల మీదే ఒకప్పుడు ఉందని గుర్తుచేసుకోవడం ప్రయోజనకరం.

1944లో భువనగిరిలో, నిజాం పాలనలోని తెలుగువారి సంస్థ అయిన ఆంధ్ర మహాసభ పదకొండవ మహాసభలు రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగాయి. అప్పటిదాకా రూపాయి ఉన్న సభ్యత్వ రుసుమును ఆ సందర్భంలోనే నాలుగు అణాలకు తగ్గించారు. రూపాయి ఇచ్చుకోగలిగిన వకీళ్లు, వర్తకులు, చిన్న భూస్వాముల సంస్థగా ఉన్నది, నాలుగు అణాలతో పాలేర్ల, కౌలుదార్ల, చేతివృత్తులవారి సంఘమైంది. అయితే చందా తగ్గించడంతోనే ఆ విస్తరణ జరిగిందనుకోవడం పొరపాటు. గ్రామ సంఘాలు వెట్టిచాకిరీ, అక్రమ లెవీ ధాన్యం వసూళ్లు, భూముల నుంచి బేదఖళ్లు (వెళ్లగొట్టడాలు) వంటి విషయాలను చేతికి తీసుకున్నాయి. నాలుగు అణాలు కట్టిన మనిషికి చేయవలసిన పని తన గడప ముందరే ఉంది. దొర ఇంటికి వెట్టికి పోకపోవడమే ఆ రోజు పెద్ద కార్యక్రమం. 1952 ఎన్నికల్లో నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పోలయ్యాయన్న సంగతిని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. ఆ ఓట్ల వెనుక ఎనిమిదేళ్ల పాటు ఊరూరా పనిచేసిన సభ్యులు ఉన్నారన్న సంగతి అంతగా ప్రస్తావనకు రాదు.

ఇదే నల్లగొండ 1996లో మరో పాఠం చెప్పింది. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్న పల్లెల బాధ దేశానికి తెలియాలని, జలసాధన సమితి పిలుపుతో ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికలో జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. చివరికి బరిలో నిలిచినవారు 480 మంది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగును వాయిదా వేయవలసి వచ్చింది. నిరసన ఫలించి సమస్య దేశమంతటికీ తెలిసింది గానీ, ఆ తరువాత చట్టం బిగిసింది. లోక్‌సభ అభ్యర్థి ధరావతు (డిపాజిట్) 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది, ఇప్పుడది 25,000. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రుడికి పదిమంది కావాలన్న నిబంధన కూడా అప్పుడే వచ్చింది. అంటే పార్టీతో సంబంధం లేకుండా మామూలు మనిషి ఎన్నికల్లోకి నేరుగా దిగే దారి సన్నబడింది. దారి సన్నబడినకొద్దీ, ఉన్న పార్టీలు కొత్తవారిని ఎలా చూసుకుంటున్నాయన్న ప్రశ్నకు బరువు పెరుగుతుంది.

ఆ సన్నని దారిన పైకి వచ్చినవారు లేకపోలేదు. ప్రస్తుత ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి 2006లో మిడ్జిల్ జడ్పీటీసీగా స్వతంత్రుడిగానే గెలిచారు, మరుసటి ఏడాది శాసనమండలికీ అలాగే ఎన్నికయ్యారు. పాలమూరులో (మహబూబ్‌నగర్ ప్రాంతంలో) యువకులు ఈ ఉదాహరణను తరచు చెప్పుకుంటారు. కానీ శాసనసభకు వెళ్లేనాటికి ఆయనకూ పార్టీ అవసరమైంది. పైగా ఒకరి కథను పట్టుకుని వేలమందికి దారి ఉందనుకోలేం.

నియోజకవర్గం ఎవరి చేతిలో?

కాగితం మీద ప్రతి పార్టీకీ గ్రామ కమిటీ, మండల కమిటీ, జిల్లా కమిటీ ఉంటాయి. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనతో పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. పాత మహబూబ్‌నగర్, 2019లో నారాయణపేట కూడా ఏర్పడ్డాక, ఐదైంది. జిల్లా అధ్యక్షుల కుర్చీలు అంతమేర పెరిగాయి. అధికారం మాత్రం జిల్లాలోనూ మండలంలోనూ లేదు, నియోజకవర్గంలో ఉంది. ఎమ్మెల్యే ఉంటే ఆయన, లేకుంటే ఓడిపోయిన అభ్యర్థి లేదా ‘ఇన్‌చార్జి’. మండల అధ్యక్షుడు ఎవరు కావాలో, గ్రామ కమిటీలో ఎవరుండాలో, ఏ పని ఎవరికి పోవాలో చాలావరకు ఆ ఇంటి హాల్లోనే తేలుతుంది. అందువల్ల కొత్త సభ్యుడు తొందరగానే ఒక పాఠం నేర్చుకుంటాడు: పార్టీకి పనిచేయడం కంటే ఆ మనిషికి కనిపించడం ముఖ్యం. కనిపించడానికి కారు ఉండాలి, ఖాళీ సమయం ఉండాలి, వెంట నలుగురు ఉండాలి. ఈ మూడూ లేనివాడు ఎంత తెలివైనవాడైనా గుంపులో గోవిందయ్యగా మిగిలిపోతాడు.

2022 నవంబరు 3న జరిగిన మునుగోడు ఉపఎన్నిక దీన్ని పరాకాష్ఠలో చూపించింది. ఒక్కో ఊరికి, ఒక్కో ఎంపీటీసీ పరిధికి పార్టీలు బయటి జిల్లాల నుంచి ఎమ్మెల్యేలను, మంత్రులను ఇన్‌చార్జులుగా దింపాయి; అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు సైతం మర్రిగూడ మండలం లెంకలపల్లి బాధ్యతను తీసుకున్నారు. ప్రచారం హోరెత్తింది, పోలింగు 90 శాతం దాటింది. అంత హడావుడిలో ఆ ఊళ్ల సభ్యుల పాత్ర ఏమిటి? బయటి నాయకుడికి దారి చూపడం, ఫలానా ఇల్లు ఎవరిదో చెప్పడం, వచ్చినవారికి భోజనాలు ఏర్పాటు చేయడం. సొంత ఊళ్లో తానే అతిథుల సేవకుడైన సభ్యుడు, ఎన్నిక ముగిసి కార్ల వరస వెళ్లిపోయాక, ఏ అనుభవాన్నీ కూడబెట్టుకోలేదు. డబ్బు, హంగు ఎంత పెరిగితే స్థానిక సభ్యుడి అవసరం అంత తగ్గుతుందన్నది ఆ ఎన్నిక తేటతెల్లం చేసిన విషయం.

పాతవారి భయం కూడా ఇందులో కలిసి ఉంది. ఇరవై ఏళ్లు జెండా మోసినవాడు ఒక నామినేటెడ్ పదవికో, కనీసం గ్రామ కమిటీ అధ్యక్ష స్థానానికో ఎదురుచూస్తూ ఉంటాడు. ఎన్నికల ముందు ఎదుటి పార్టీ నుంచి అనుచరులతో సహా వచ్చి కండువా మార్చినవాడికి ఆ స్థానం దక్కడం అతను చాలాసార్లు చూశాడు. అందుకని కొత్త మొహం కనబడితే చాలు, అనుమానం మొదలవుతుంది. ఇక్కడ ఒక తేడాను పార్టీలు గుర్తించడం లేదు. ఎదుటి పార్టీ నుంచి వచ్చిన నాయకుడూ, తొలిసారి రాజకీయాల్లోకి వచ్చిన డిగ్రీ విద్యార్థీ ఇద్దరూ ‘కొత్తవారే’ గానీ, ఒకరు వాటా కోసం వస్తారు, మరొకరు పని కోసం వస్తారు. పాతవారి అలకను తీర్చకుండా రెండోవారికి చోటివ్వడం అసాధ్యం. పాతవారికి నేర్పే బాధ్యత అప్పగించి, ఆ బాధ్యతకు పార్టీలో గుర్తింపు ఇవ్వడం దీనికి ఉన్న కొద్ది మార్గాల్లో ఒకటి.

ఓటరు జాబితా దగ్గర మొదలుపెడితే

కొత్త సభ్యుడికి తొలి పని ఏమిటన్న ప్రశ్నకు నా దృష్టిలో అత్యంత ఉపయోగకరమైన జవాబు ఓటరు జాబితా. దానికి చట్టపరమైన ఆధారం కూడా ఉంది. గుర్తింపు పొందిన పార్టీలు ప్రతి పోలింగ్ కేంద్రానికీ ఒక బూత్ స్థాయి ఏజెంటును నియమించుకునే వీలును ఎన్నికల సంఘం కల్పించింది. ఈ ఏజెంటు సాధారణంగా అదే జాబితా భాగంలో ఓటరై ఉండాలి. అంటే హైదరాబాద్ నుంచి వచ్చిన ఇన్‌చార్జి ఎంత పెద్దవాడైనా ఈ పని చేయలేడు. ఆ వాడ మనిషే కావాలి. పార్టీకి స్థానిక సభ్యుడి అవసరం నిజంగా ఉన్న చోటు ఇదొకటి. అయినా ఎన్నో బూత్‌లలో ఈ నియామకం కాగితానికే పరిమితమై, ఏజెంటుగా పేరున్న మనిషికే ఆ సంగతి తెలియని పరిస్థితి ఉంటుంది.

జాబితాను చదవడం ఎలాగో కాస్త దగ్గరగా చూద్దాం. ఒక్కో పేజీలో 30 గడులు, వరుసకు మూడు చొప్పున. గడిలో వరుస సంఖ్య, గుర్తింపు కార్డు సంఖ్య, పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు. చివర్లో అనుబంధ జాబితా: కొత్తగా చేరినవారు, తొలగించినవారు, సవరణలు. తొలగించిన పేరు పక్కన ఒక ఆంగ్ల అక్షరం ఉంటుంది. చనిపోయినవారికి ‘ఇ’, వేరే చోటికి మారినవారికి ‘ఎస్’, రెండుసార్లు నమోదైనవారికి ‘ఆర్’. దేవరకొండ వైపు ఒక తండా జాబితా తీసుకుంటే రమావత్, నేనావత్ ఇంటిపేర్లతో, అదే పేరుతో ముగ్గురు నలుగురు కనబడతారు. తండ్రి పేరు కూడా కలిసిందంటే ఎవరు ఎవరో చెప్పగలిగింది తండా మనిషే. మక్తల్, కోయిలకొండ వైపు జాబితాలో అయితే మరో రకం చిక్కు: పేరు ఊళ్లో, మనిషి పుణెలోనో ముంబయిలోనో. పండక్కి వచ్చిపోయే ఆ మనిషిని ‘ఊరు మారాడు’ అని రాసేస్తే అతని ఓటు పోతుంది. ఇల్లు, రేషన్ కార్డు, ముసలి తల్లిదండ్రులు ఇక్కడే ఉన్నవాడిని మారినవాడిగా లెక్కించాలా వద్దా అన్నది ఆ ఇంటి గడపలో కూర్చుని మాట్లాడితే తప్ప తేలదు.

ఊరి సంగతులన్నీ తెలిసిన ఒక పెద్దమనిషినీ ఫోను బాగా వాడగలిగిన ఒక కొత్త సభ్యుణ్నీ జతచేసి, ఇద్దరికీ రెండు పేజీలు అప్పగిస్తే అరవై మంది ఓటర్లు, సుమారు ఇరవై ఇళ్లు. కొత్తగా నమోదుకు ఫారం 6, అభ్యంతరానికి లేదా తొలగింపుకు ఫారం 7, సవరణకూ చిరునామా మార్పుకూ ఫారం 8. ఏడాదికి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీలు నాలుగు అర్హత తేదీలుగా ఉన్నాయి కనుక, 17 ఏళ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంటర్ చదువుతున్న పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారో తెలుసుకుని ఆ ఫారం నింపించడం కొత్త సభ్యుడు ఎవరి అనుమతీ లేకుండా, ఎవరి మెప్పూ కోరకుండా చేయగల పని. ఒక హెచ్చరిక కూడా మొదటి రోజే చెప్పాలి. ఎదుటి పార్టీ ఓట్లు తీసేయించడానికి ఫారం 7ను గుత్తగా పెట్టించే పెద్దలు ఉంటారు. తప్పుడు ప్రకటన మీద సంతకం చేసినవాడికి ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. సంతకం కుర్రవాడిది, పథకం ఇంకొకరిది అయ్యే ప్రమాదం ఉంది. మునుగోడు ఉపఎన్నికకు ముందు సుమారు 25 వేల కొత్త ఓటు దరఖాస్తులపై వివాదం హైకోర్టుదాకా వెళ్లింది కనుక ఈ మాట నల్లగొండవారికి ఎక్కువగా వివరించనక్కరలేదు.

పోలింగ్ రోజు పని కూడా ఇలాంటిదే. అభ్యర్థి తరఫున ఒక్కో కేంద్రంలో ఒక ఏజెంటుతో పాటు ఇద్దరు సహాయ ఏజెంట్లను నియమించుకోవచ్చు. లోపల కూర్చునేది మాత్రం ఒక్కసారికి ఒక్కరే. చాలాచోట్ల పాతకాపు ఒక్కడే పొద్దుటి మాక్ పోల్ (నమూనా ఓటింగు) నుంచి సీలు వేసేదాకా కూర్చుంటాడు. మధ్యాహ్నం రెండు గంటలు కొత్త సభ్యుణ్ని కూర్చోబెడితే, ఓటరును ఎలా గుర్తిస్తారో, అభ్యంతరం ఎలా చెప్పాలో, సాయంత్రం పోలైన ఓట్ల లెక్కను చూపే 17సి ఫారం నకలు ఎందుకు తీసుకోవాలో తెలుస్తుంది. ఏ శిక్షణ తరగతిలో చెప్పినా ఇంతగా పట్టుబడదు.

ఎన్నికలు లేని రోజుల్లో గ్రామసభ ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం అది కనీసం రెండు నెలలకోసారి జరగాలి. సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. మిషన్ భగీరథ నీళ్లు ఏ వాడకు రావడం లేదో, ఉపాధి హామీ కూలి ఎన్ని వారాలు ఆగిందో లిఖితపూర్వకంగా అడిగి, వచ్చిన జవాబును గ్రామ కమిటీ ముందు పెట్టడం ఒక సభ్యుడి గౌరవాన్ని పది ఫ్లెక్సీల కంటే ఎక్కువగా పెంచుతుంది.

చేతి చమురు, కూర్చునే చోటు, సమయం

పని అప్పగించినంత మాత్రాన అందరూ చేయగలరనుకోవడానికి లేదు. మొదటి అడ్డంకి ఖర్చు. మండల కేంద్రానికి వెళ్లిరావడానికి పెట్రోలు, పదిమందికి చాయ్, జిరాక్సులు, నాయకుడు వస్తే శాలువా. ఇవన్నీ చేతి చమురు వదిలించేవే. రోజు కూలి పోగొట్టుకుని సభకు వచ్చే హమాలీకి, సొంత కారులో వచ్చే కాంట్రాక్టరుకు పార్టీ ఒకే కొలత పెడుతోంది. గ్రామ కమిటీకి చిన్న నిధి ఉండి, ఎవరు ఎంత ఇచ్చారో, దేనికి ఎంత ఖర్చయిందో ఒక నోటు పుస్తకంలో రాసి సమావేశంలో చదివే అలవాటు ఉంటే సగం ఇబ్బంది తగ్గుతుంది. స్వయం సహాయక సంఘాల మహిళలు నెలనెలా చేస్తున్న పనే ఇది. పార్టీలకు కొత్తగా కనిపెట్టవలసిన అవసరమేమీ లేదు.

సమావేశం ఎక్కడ పెడతారన్నది ఇంకా సున్నితమైన విషయం. చాలా ఊళ్లలో పార్టీ సమావేశం అంటే ఏదో ఒక పెద్ద ఇంటి వాకిలి. ఆ ఇంటితో భూమి తగాదా ఉన్నవాడు రాడు. దళితవాడ నుంచి వచ్చినవాడు కుర్చీ ఖాళీగా ఉన్నా గోడవారగా నిలబడతాడు, ఎవరూ కూర్చోమనరు, ఎవరూ వద్దనరు. ఆ మౌనమే అతనికి కావలసినంత చెబుతుంది. సమావేశాన్ని ఒకసారి ఎస్సీ కాలనీలోని కమ్యూనిటీ హాలు దగ్గర, ఒకసారి తండాలో, ఒకసారి బస్టాండు పక్కన చెట్టు కింద పెడితే హాజరు మారిపోతుంది. ఖర్చు పెరగదు. అయినా చాలామంది నాయకులు దీనికి ఒప్పుకోరు, ఎందుకంటే సమావేశం ఎవరి వాకిట్లో జరిగితే పార్టీ వారిదన్న లెక్క ఊళ్లో ఉంది.

మహిళల విషయంలో సమయమే తాళం వేస్తుంది. రాత్రి ఎనిమిదికి పెట్టే సమావేశానికి వంట ముగియని మనిషి రాలేదు. పత్తి ఏరే రోజుల్లో పగలూ రాలేదు. వచ్చిన కొద్దిమందినీ మహిళా విభాగం అని పక్కన కూర్చోబెట్టి, హారతి పళ్లేలకో బతుకమ్మ పోటీలకో పరిమితం చేయడం పరిపాటి. స్వయం సహాయక సంఘం సమావేశాల్లో వడ్డీ లెక్క తప్పితే బ్యాంకు అధికారినే నిలదీసే మహిళ, పార్టీ సమావేశంలో నోరు మెదపకపోవడానికి కారణం ఆమెలో లేదు.

వలసవెళ్లినవారి సంగతి పాలమూరుకు ప్రత్యేకం. ఊళ్లో లేని యువకులు పార్టీ వాట్సాప్ గ్రూపులో ఉంటారు. ఆ గ్రూపులో నాయకుడి పర్యటన ఫొటోలు, శుభాకాంక్షలు, ఎదుటి పార్టీ మీద తిట్లు దొర్లుతూ ఉంటాయి. వచ్చే సమావేశం ఎప్పుడు, ఏ విషయం మీద అన్నది మాత్రం వెతికినా దొరకదు. నిర్ణయాలు రాసే చోటుగా ఆ గ్రూపును వాడుకుంటే, పుణెలో మేస్త్రీ పని చేసే సభ్యుడు కూడా తన తండా రోడ్డు గురించి ఒక మాట చేర్చగలడు. రోజూ వందల సందేశాలు వచ్చే గ్రూపు ఒకటి, గ్రామ కమిటీ తేదీలూ తీర్మానాలూ మాత్రమే ఉండే గ్రూపు మరొకటి పెట్టడం అయిదు నిమిషాల పని.

చట్టం ఎంతవరకు?

ఇవన్నీ చేయమని పార్టీలను ఎవరైనా ఆదేశించగలరా? ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లో 1988 సవరణతో చేర్చిన 29ఎ సెక్షన్ పార్టీల నమోదుకు సంబంధించినది. రాజ్యాంగం పట్ల, సామ్యవాద, లౌకిక, ప్రజాస్వామ్య సూత్రాల పట్ల విధేయత ప్రకటించాలని అది అడుగుతుంది. నమోదుకు కనీసం వందమంది ఓటర్లు సభ్యులుగా ఉండాలనీ, అయిదేళ్లకు మించకుండా సంస్థాగత ఎన్నికలు జరుపుకోవాలనీ ఎన్నికల సంఘం మార్గదర్శకాలు చెబుతాయి. కానీ మామూలు సభ్యుడికి ఫలానా హక్కులున్నాయని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. సంస్థాగత ఎన్నికలు ‘ఏకగ్రీవం’ అనే మాటతో ముగిసిపోయినా అడిగేవారు లేరు. మోసంతో నమోదు పొందడం వంటి అరుదైన సందర్భాల్లో తప్ప నమోదు రద్దు చేసే అధికారం ఎన్నికల సంఘానికి లేదని సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. లా కమిషన్ 1999లో తన 170వ నివేదికలోనూ, 2015లో 255వ నివేదికలోనూ పార్టీల అంతర్గత ప్రజాస్వామ్యానికి చట్టం కావాలని సిఫార్సు చేసింది. ఆ సిఫార్సులు చట్టం కాలేదు. ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2013లో చెప్పినా పార్టీలు దాన్ని అమలు చేయలేదు. పంచాయతీ కార్యదర్శిని లెక్క అడగగలిగిన సభ్యుడు తన సొంత పార్టీని అదే చట్టం కింద అడగలేడు.

కాబట్టి మిగిలింది పార్టీ నియమావళే. సభ్యత్వ కార్డుతో పాటు ఆ నియమావళి తెలుగు ప్రతిని కొత్త సభ్యుడి ఫోనుకు పంపడం, గ్రామ కమిటీ ఎన్నిక ఎప్పుడో, దానికి ఎవరు అర్హులో, అభ్యంతరం ఎవరికి చెప్పుకోవాలో అందులో ఎక్కడుందో చూపించడం పార్టీ చేతిలో ఉన్న పని. అలా అడిగే సభ్యుణ్ని తలనొప్పిగా చూసే నాయకులు ఉంటారు. నియమావళి చదివినవాడు జిందాబాద్ గట్టిగా కొట్టడేమోనని వారి బెంగ.

ఈ మొత్తం వ్యవహారానికి అసలు పరీక్ష స్థానిక ఎన్నికల్లో ఎదురవుతుంది. సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. 2019 జనవరిలోనూ, 2025 డిసెంబరులోనూ అలాగే జరిగాయి. అక్కడ పార్టీలు లోపాయికారీగా మద్దతిస్తాయి కనుక, కొత్త సభ్యుడు వార్డు సభ్యుడిగా నిలబడటానికి రాష్ట్ర నాయకత్వం అనుమతి అక్కరలేదు; 21 ఏళ్లు నిండితే చాలు. ఎంపీటీసీ, జడ్పీటీసీ స్థానాలకు వచ్చేసరికి పార్టీ అభ్యర్థిగా ఖరారు చేసే బీ ఫారం కావాలి, అది మళ్లీ ఇన్‌చార్జి హాలుకే చేరుతుంది. స్థానాల్లో సగం మహిళలవి. రిజర్వేషన్ ప్రకటన వెలువడిన రాత్రి పార్టీ వెతికేది సాధారణంగా ఏ నాయకుడి భార్య పేరు పెడదామా అని. మండలంలో ఆ సరికి ఏడాదిగా ఓటరు జాబితా దిద్దుతున్న, గ్రామసభలో మాట్లాడుతున్న పదిమంది మహిళా సభ్యుల పేర్లు కమిటీ పుస్తకంలో ఉంటే, ఆ బీ ఫారం కోసం వారు కూడా లిఖితపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోగలరు, దాన్ని కాదన్నందుకు కారణం చెప్పమని మండల కమిటీని అడగగలరు.